ఎడమ చక్రం అభిప్రాయం, కుడి చక్రం అభిప్రాయం

మా కాలేజీలో ఎవరూ ఓడిపోరు. అది మా గొప్పతనం కాదు, రూలు.

కిందటేడు గ్రేడు ఇచ్చే బృందం ఒకటి వచ్చి, మా జీడిపప్పు పకోడీ తృప్తిగా తిని, పోతూ పోతూ రిపోర్టులో ఒక ముక్క రాసి పోయింది. ఈ సంస్థలో నిర్ణయాలన్నీ ఒక్కరే తీసుకుంటున్నట్టు కనబడుతోందట. కనబడటమేమిటి, నిజమే. మా కరస్పాండెంట్ గారు మిరపకాయల కోల్డ్ స్టోరేజీ నడిపి నడిపి, దాని పక్క స్థలంలోనే ఇంజనీరింగ్ కాలేజీ పెట్టిన మనిషి. బస్తాలను అభిప్రాయం అడిగే అలవాటు ఆయనకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. కానీ గ్రేడు పడిపోతే సీట్లు నిండవు. అందుకని ఆయన రాత్రికి రాత్రి ప్రజాస్వామ్యవాది అయిపోయారు.

ఫలితంగా 'భాగస్వామ్య నిర్ణయాల డీన్' అని ఒక కొత్త కుర్చీ పుట్టింది. అందులో డాక్టర్ వాచస్పతి గారు కూర్చున్నారు. ఆయన మంచినీళ్ళు అడిగినా సర్క్యులర్ చదివినట్టే ఉంటుంది. కూర్చున్న రోజే నోటీసు బోర్డు మీద ఇలా అంటించారు: "సంస్థ నందు ఏ ఒక్కరి అభిప్రాయమూ ఓడిపోరాదు. భేదాభిప్రాయము తలెత్తిన యెడల ఉభయ అభిప్రాయములనూ సమానముగా అమలుపరచవలెను. ఒక విషయమున ఒక వ్యక్తికి ఒక్క అభిప్రాయము మాత్రమే గలదు."

పాము చావకూడదు, కర్ర విరగకూడదు అంటారే, అదన్నమాట. వారం తిరిగేసరికి ఫలితాలు కనిపించాయి. కాంటీన్‌లో సగంమంది ఉప్మా, సగంమంది పొంగలి అన్నారు కాబట్టి ప్రతి ప్లేటులోనూ సగం ఉప్మా, దాని మీద సగం పొంగలి పడేవి. కాలేజీ బస్సు ఎనిమిదికి బయల్దేరాలని కొందరు, ఎనిమిదిన్నరకని కొందరు పట్టుబట్టారు. దాంతో బస్సు ఎనిమిదికి బయల్దేరి గేటు దాకా వచ్చి, అక్కడ ఇంజను ఆపకుండా ఎనిమిదిన్నర దాకా నిలబడేది. లైబ్రరీలో మాట్లాడాలా వద్దా అనే వివాదానికి గొణగవచ్చు అని పరిష్కారం దొరికింది. మేమందరం అలవాటు పడిపోయాం. జీతం ఇచ్చేచోట దేనికైనా అలవాటు పడొచ్చు.

ఇదంతా ఇలా ఉండగా బగ్గీ వచ్చి పడింది.

బగ్గీ అంటే పెళ్ళికొడుకు ఊరేగే గుర్రబ్బండి కాదు. ఇనప గొట్టాల పంజరం, దానికి నాలుగు లావుపాటి టైర్లు, వెనక చిన్న ఇంజను, మధ్యలో ఒకే ఒక్క సీటు. రోడ్డు లేనిచోట, గుంటల్లో, ఇసుకలో, రాళ్ళ మీద పరిగెత్తడానికి మా పిల్లలే తయారుచేసే బండి. ఏటా సముద్రం ఒడ్డున ఇసుక దిబ్బల్లో కాలేజీలన్నిటికీ పోటీ పెడతారు. గంటల తరబడి ఆగకుండా నడిచి, చివరిదాకా నిలబడ్డ బండే బండి. నేను మెకానికల్‌లో అసిస్టెంట్ ప్రొఫెసర్ని, ఆ జట్టుకు సలహాదారుణ్ణి. సలహా ఎవరూ అడగరు కాబట్టి పదవి హాయిగానే ఉండేది.

జట్టు కెప్టెన్ కాత్యాయని. ఫైనలియర్. వినుకొండ అవతల పల్లె, తండ్రి అంకారావు ట్రాక్టరు డ్రైవరు. క్లాసులో అందరూ సాఫ్ట్‌వేర్ కోచింగులకు పోతుంటే ఈ పిల్ల సాయంత్రాలు వర్క్‌షాపులో వెల్డింగు చేసుకునేది. దానికీ కారణముంది. ఒక ట్రాక్టర్ల కంపెనీ తన టెస్ట్ ట్రాక్‌లో పనిచేసే ఇంజనీర్లను ఈ పోటీలోనే ఏరుకుంటుంది. బండిని చివరిదాకా నడిపిన కెప్టెన్లను తప్ప ఇంకెవర్నీ పిలవదు. కాత్యాయనికి కావలసింది ఆ ఒక్క ఉద్యోగం, ఉన్నది ఈ ఒక్క ఏడాది.

ఒకరోజు నా గదికొచ్చి, "సార్, యాక్సిల్ సంగతి తేలిస్తే నేను పని మొదలుపెట్టుకుంటా" అంది.

సంగతి చిన్నదే. ఇంజను నుంచి చక్రానికి తిప్పుడు అందించే కడ్డీని యాక్సిల్ అంటారు. గుంటల్లో చక్రం ఎగిరి పడుతుంటుంది కాబట్టి ఆ కడ్డీ తిరుగుతూనే వంగాలి. వంగడానికి రెండు దారులున్నాయి. ఒకటి యూ-జాయింటు. లారీ కింద చూసే ఉంటారు, రెండు కొంకీల మధ్య ఒక శిలువ ముక్క. మొరటు మనిషి, దెబ్బలు కాస్తుంది, విరిగినా పక్కన కూర్చుని మార్చుకోవచ్చు. కానీ బాగా వంగితే ఒకే వేగంతో తిరగక అదురుతుంది. రెండోది సీవీ. కార్ల ముందు చక్రాలకు ఉండేది. గిన్నెలో గోళీలు, నిండా గ్రీజు, పైన రబ్బరు తొడుగు. ఎంత వంగినా నున్నగా తిరుగుతుంది. ఆ తొడుగును బూటు అంటారు. అది చిరిగి ఇసుక దూరిందా, ఇక అంతే సంగతులు.

"నీకేది కావాలమ్మా?" అన్నాను.

"రెండూ నడుస్తయి సార్. ఏదైనా సరే, నేను దానికి తగ్గట్టు చేసుకుంటా. రెండు పక్కలా ఒకటే ఉండాల, అంతే."

ఇంత తేలికైన కోరిక మా కాలేజీలో తీరదని నాకు అప్పుడే తోచి ఉండాల్సింది.

కమిటీ కూర్చుంది. మెకానికల్ హెడ్డు డాక్టర్ పిచ్చేశ్వరరావు గారు యూ-జాయింటు పక్షం. ఆటోమొబైల్ హెడ్డు డాక్టర్ ఉగ్రనరసింహం గారు సీవీ పక్షం. వీళ్ళిద్దరికీ ఎప్పుడో స్టాఫ్ రూమ్ ఫ్యాను దగ్గర చెడింది. అప్పట్నుంచీ ఒకరు అవునన్నది ఇంకొకరు కాదంటారు.

"యూ-జాయింటుకు శతాబ్దాల చరిత్ర ఉంది" అన్నారు పిచ్చేశ్వరరావు గారు, ఆ శతాబ్దాలన్నీ తన సర్వీసులోవే అన్నట్టు. "సంప్రదాయాన్ని కాలరాస్తామంటే మా డిపార్ట్‌మెంట్ ఊరుకోదు."

"చరిత్ర చదువుకోడానికి ఆర్ట్స్ కాలేజీలున్నాయి" అన్నారు ఉగ్రనరసింహం గారు. "సీవీ లేని బండిని నేను బండిగానే గుర్తించను."

తల్లిదండ్రుల ప్రతినిధిగా వచ్చిన పెద్దమనిషి, రెండింట్లో ఖరీదైనది వెయ్యమన్నారు. హాస్టల్ వార్డెన్, ఏది వేసినా చప్పుడు చెయ్యకూడదన్నారు. ఇంగ్లీషు మేడం, పేరు పలకడానికి ఏది తేలికో అది తీసుకోమన్నారు. కరస్పాండెంట్ గారు కాసేపు విని, "ఏంటయ్యా ఇది, బస్తాకు ఇటొక తాడు అటొక తాడు కట్టేదానికి ఇంత గోలా? కానీయండి, ఎవర్నీ బాధపెట్టొద్దు" అని లేచిపోయారు.

డీన్ గారి కళ్ళు మెరిశాయి. ఇటొకటి అటొకటి. గొంతు సవరించుకుని తీర్మానం చదివారు.

"వాహనమునకు వెనుక చక్రములు రెండు గలవు. అభిప్రాయములు కూడా రెండే గలవు. ఇది దైవికమైన పొంతన. కావున ఎడమ చక్రమునకు యూ-జాయింటు, కుడి చక్రమునకు సీవీ అమర్చబడును. ఎడమ భాగము మెకానికల్ శాఖ వారిది, కుడి భాగము ఆటోమొబైల్ శాఖ వారిది. ఒకరి భాగములో మరొకరు చెయ్యి పెట్టరాదు."

అందరూ చప్పట్లు కొట్టారు. కాత్యాయని లేచి నిలబడింది.

"సార్, ఎద్దు ఎండకు లాగితే దున్న నీడకు లాగిద్దంటారు మా నాన. ఒకే కాడికి రెండింటినీ కడితే బండి సక్రంగా పోదు. రెండు పక్కలా ఒకటే ఉండాల, అది నా అభిప్రాయం."

అందరూ డీన్ గారి వైపు తిరిగారు. విద్యార్థిని అభిప్రాయం కూడా అభిప్రాయమే. రూలు ప్రకారం అదీ ఓడిపోకూడదు. డీన్ గారు కళ్ళు మూసుకుని చాలాసేపు ఆలోచించారు. ఆ తర్వాత తెరిచి, కుమారి కాత్యాయని అభిప్రాయం కూడా సంపూర్ణంగా గౌరవించబడుతుందని, రెండు పక్కలా ఒకటే రంగు వేయించబడుతుందని ప్రకటించారు.

మిరపపండు రంగు వేయించారు.

పని మొదలైంది. ఎడమ పక్క మెకానికల్ కుర్రాళ్ళు, కుడి పక్క ఆటోమొబైల్ కుర్రాళ్ళు, మధ్యలో సుద్దగీత. ఎడమ పక్కవాడి స్పానర్ గీత దాటి దొర్లితే, దాన్ని తెచ్చుకోవడానికి రెండు డిపార్ట్‌మెంట్ల సంతకాలు కావాల్సి వచ్చేది. స్పేర్ యాక్సిల్స్ సంగతి వచ్చినప్పుడు తల్లిదండ్రుల ప్రతినిధి, స్పేర్లు పట్టుకెళితే మన బండి మీద మనకే నమ్మకం లేదని నలుగురూ అనుకుంటారన్నారు. పట్టుకెళ్ళాలని నేనన్నాను. ఉభయ అభిప్రాయాలూ అమలయ్యాయి. ఎడమ పక్కకు స్పేర్ తీసుకున్నారు, కుడి పక్కకు తీసుకోలేదు.

కాత్యాయని ఒక్క పని మాత్రం తన ఇష్టప్రకారం చేసింది. రెండు యాక్సిళ్ళకూ కొలత ఒకటే, బోల్టులు ఒకటే వచ్చేట్టు చేయించింది. ఎందుకమ్మా అంటే, "ఎవరికైనా ఎప్పటికైనా బుద్ధొస్తే మార్చుకోవచ్చు గదా సార్" అంది. అంత ఆశావాదం నేను మా కాలేజీలో ఇంకెక్కడా చూడలేదు.

కాలేజీ గ్రౌండులో నడిపి చూస్తే బండి నడిచింది. గుంటలో పడ్డప్పుడల్లా ఎడమ చక్రం గింజుకునేది, కుడి చక్రం దాని మానాన అది పోయేది. దాంతో బండి పడవలా ఒక పక్కకు ఊగేది. ఆ ఊగుడులో భాగస్వామ్యం స్పష్టంగా కనబడుతోందని డీన్ గారు ఫొటోలు తీయించారు. దిగేసరికి కాత్యాయని అరచేతులు స్టీరింగు పట్టీపట్టీ బొబ్బలెక్కి ఉన్నాయి.

పోటీ రోజు రానే వచ్చింది. ఇసుక దిబ్బలు, సర్కారుతుమ్మ పొదలు, ఎండ. మా బండి ఊగుతూనే సగం దూరం లాగింది. చుట్టూ బళ్ళు ఒక్కొక్కటీ ఆగిపోతుంటే మాది మాత్రం పోతూనే ఉంది. నాక్కూడా కాస్త ఆశ పుట్టింది. అంతలో ఒక మలుపులో తుమ్మముల్లు కుడి పక్క రబ్బరు బూటును చీరేసింది. మరో రెండు చుట్లు తిరిగేసరికి లోపలి గోళీలు ఇసుకతో కలిసి రాళ్ళు నమిలినట్టు చప్పుడు చేశాయి. కాత్యాయని బండిని ట్రాక్ పక్కన మాకిచ్చిన మరమ్మతు పాకలోకి తీసుకొచ్చి ఆపింది.

కుడి పక్కకు స్పేర్ లేదు. ఎడమ పక్క స్పేర్ ఎదురుగా ఉంది, బోల్టులు సరిపోతాయి, టైముంది. కానీ కుడి పక్క ఆటోమొబైల్ వారిది. అందులో యూ-జాయింటు వేస్తే ఒక అభిప్రాయం ఓడిపోతుంది.

డీన్ గారికి ఫోన్ చేశాను.

"అత్యవసర సమావేశము ఆన్‌లైన్‌లో ఏర్పాటు చేయబడుచున్నది. లింకు పంపబడును" అన్నారు.

లింకు వచ్చింది. పిచ్చేశ్వరరావు గారు వచ్చారు కానీ ఆయన మాట వినబడలేదు. ఉగ్రనరసింహం గారు వినబడ్డారు కానీ కనబడలేదు. సీవీని అవమానిస్తే బండిని అక్కడే వదిలి రమ్మన్నారు. ఇంగ్లీషు మేడం పెళ్ళిలో ఉన్నారు, వెనక సన్నాయి. కోరం చాలలేదని, వార్డెన్ గారి కోసం వేచి చూద్దామని డీన్ గారన్నారు. వార్డెన్ గారు నిద్రపోతున్నారు.

కాత్యాయని స్పానర్ పట్టుకుని నా ముందు నిలబడింది. అరచేతికి గుడ్డ చుట్టుకుని ఉంది.

"సార్, మీ అభిప్రాయం ఏంది?"

నేను ఫోను వైపు చూశాను. అందులో సన్నాయి వినిపిస్తోంది.

"నాకు టీ తాగాలని ఉందమ్మా" అన్నాను. "అదీ నా అభిప్రాయం. కాస్త దూరం వెళ్ళి, నిదానంగా తాగి వస్తాను."

తాగి వచ్చేసరికి పాకలో బండి లేదు. మెకానికల్ కుర్రాళ్ళ చేతులకూ గ్రీజుంది, ఆటోమొబైల్ కుర్రాళ్ళ చేతులకూ గ్రీజుంది. ట్రాక్ మీద మా బండి రెండు పక్కలా ఒకేలా అదురుతూ, మొదటిసారి తిన్నగా పోతోంది. ఎద్దూ ఎద్దూ కలిసి లాగుతున్నాయి.

గెలవలేదు. కానీ చివరి విజిల్ దాకా నడిచింది. ట్రాక్టర్ల కంపెనీ ఆయన వచ్చి బండి కిందికి వంగి చూసి, "పరీక్షలు రాసి, పట్టా తీసుకుని జూన్‌లో రామ్మా" అన్నాడు. ఆ పిల్ల సరేనండి అని, పక్కకెళ్ళి తండ్రికి ఫోన్ చేసి ఏడ్చింది. సంతోషంతోనే. నేను ఇంకో టీ తాగాను.

మర్నాడు కాలేజీ గ్రూపులో పోటీ ముగించిన మా బండి ఫొటో పెట్టారు. రంగు ఒకటే కాబట్టి ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. కానీ ఉగ్రనరసింహం గారు ఫొటోను వేళ్ళతో లాగి లాగి పెద్దది చేసి చూశారు. కుడి పక్క బూటు లేదు.

విచారణ జరిగింది. ఒక అభిప్రాయాన్ని ఇసుకలో పాతిపెట్టిన విద్యార్థినిని ఏడాదిపాటు సస్పెండ్ చెయ్యాలని ఉగ్రనరసింహం గారి అభిప్రాయం. యూ-జాయింటును విజయపథాన నడిపిన బిడ్డకు శాలువా కప్పి సన్మానం చెయ్యాలని పిచ్చేశ్వరరావు గారి అభిప్రాయం. మీకు అర్థమయ్యే ఉంటుంది. వార్షికోత్సవం రోజున అదే స్టేజీ మీద, అదే మైకులో, డీన్ గారు సగం సన్మానాన్నీ సగం సస్పెన్షన్‌నూ ప్రకటించారు. శాలువాను అందరి ముందూ కత్తెరతో నిలువునా కత్తిరించి, సగం ముక్క ఆ పిల్ల ఎడమ భుజాన వేశారు. కుడి చేతికి ఆరు నెలల సస్పెన్షన్ ఆర్డరు ఇచ్చారు.

ముందు వరసలో అంకారావు కూర్చుని ఉన్నాడు, ఇస్త్రీ చొక్కాలో. శాలువా వేసినప్పుడు చప్పట్లు కొట్టాడు. కాయితం ఇచ్చినప్పుడు ఇంకా గట్టిగా కొట్టాడు. అదీ ఇంకో సర్టిఫికెట్ అనుకున్నాడు పాపం.

తర్వాత నా దగ్గరికొచ్చి, "ఆ కాయితం ఏంది సార్, కంపెనీదేనా?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళూ నవ్వుకుంటూ ఊరుకున్నాను. ఉప్మా మీద పొంగలి వేస్తే తిన్నాను, గేటు దగ్గర బస్సులో కూర్చున్నాను. ఆరు నెలలంటే పరీక్ష పోయినట్టే, జూన్ పోయినట్టే. ఆ పిల్ల జీవితాన్ని సగానికి కత్తిరించడానికి వీళ్ళెవరు? అంకారావుకు రేపు చెప్తానని చెప్పి ఇంటికెళ్ళి నోటీసు బోర్డు మీది రూలు మళ్ళీ మనసులో చదువుకున్నాను. ఏ ఒక్కరి అభిప్రాయమూ ఓడిపోరాదు.

మర్నాడు డీన్ గారి సభలో లేచాను. "సస్పెన్షన్ అసలు ఉండకూడదు. ఇది నా అభిప్రాయం."

డీన్ గారు ఇబ్బందిగా కదిలారు. అటు ఆరు నెలలు, ఇటు సున్నా. రూలు రాసింది ఆయనే. "ఉభయ అభిప్రాయములనూ సమానముగా గౌరవిస్తూ, మూడు నెలలు" అన్నారు.

నా వెనక కాంటీన్ సుబ్బాయమ్మ గారు లేచారు. "నాదీ అదేనయ్యా, అసలుండకూడదు."

మూడు నెలలు నెలన్నర అయింది. సుబ్బాయమ్మ గారు సగం ప్లేటు పొంగలి వడ్డించీ వడ్డించీ విసిగిపోయిన మనిషి. ఆవిడ తర్వాత బస్సు డ్రైవరు, లైబ్రేరియన్, వాచ్‌మన్. ఆ వెనక తలుపు దాటి వరండా దాకా ఆటోమొబైల్ కుర్రాళ్ళు, అందరూ కుడి పక్కవాళ్ళే. ఒక్కొక్కడూ వచ్చి ఉండకూడదంటాడు, డీన్ గారు సగం చేస్తారు. నెలలు వారాలయ్యాయి, వారాలు రోజులయ్యాయి, రోజులు గంటలయ్యాయి. ఉగ్రనరసింహం గారు చెయ్యెత్తారు కానీ ఒక విషయంలో ఒక మనిషికి ఒక్కటే అభిప్రాయం. ఆయనది అయిపోయింది. చివరికి డీన్ గారు చెమట తుడుచుకుంటూ తీర్పు చెప్పారు. కుమారి కాత్యాయని సోమవారం నాడు ఇంటర్వెల్ కాలమంతా సస్పెండ్ చేయబడును.

సోమవారం ఇంటర్వెల్ బెల్లు కొట్టగానే ఆ పిల్ల గేటు బయటికి వెళ్ళి టీ కొట్టు దగ్గర నిలబడి శిక్ష అనుభవించింది. సరిగ్గా అప్పుడే, ఈ ఏటి తనిఖీకి వచ్చిన గ్రేడు బృందం కారు వచ్చి ఆగింది. అందులోంచి ఒక పెద్దావిడ అద్దం దించి, "నువ్వు ఈ కాలేజీయేనా అమ్మా?" అని అడిగారు.

"ఈ కాలేజీయేనండి. ప్రస్తుతానికి సస్పెన్షన్‌లో ఉన్నా. బెల్లు కొట్టంగానే అయిపోద్ది."

ఆవిడ అద్దం ఎత్తుకోవడం మర్చిపోయారు.

లోపల హాలు మధ్యలో, పూలదండ మధ్య, మా బగ్గీని నిలబెట్టారు. మళ్ళీ ఎడమకు యూ-జాయింటు, కుడికి కొత్త సీవీ. 'భాగస్వామ్యమే బలము' అని బోర్డు. డీన్ గారు బృందానికి అరగంట సేపు వివరించారు. ఆ పెద్దావిడ అంతా విని, "బాగుంది. మరి ఇది నడుస్తుందా?" అన్నారు.

డీన్ గారు పూలదండ సవరించారు. "దాని మీద రెండు అభిప్రాయములు గలవండీ."

అప్పుడే బెల్లు కొట్టారు. సస్పెన్షన్ ముగించుకుని లోపలికొస్తున్న కాత్యాయనిని ఆవిడ పిలిచి, "నువ్వు చెప్పమ్మా, నడుస్తుందా?" అని అడిగారు.

ఆ పిల్ల వంగి ఎడమ పక్క చూసింది, కుడి పక్క చూసింది. వేలికి అంటిన గ్రీజును సంచిలోంచి తీసిన సగం శాలువాతో తుడుచుకుంది.

"ఒకసారి నడిచిందండీ" అంది. "అప్పుడు వీళ్ళెవరూ అక్కడ లేరు."